లక్ష్మీనర్సయ్య మీద రెండు అర్జీలు

“…అయితే మీ బొమ్మలు నీళ్లు తాగుతయా అమ్మా?”

“బొమ్మలు తాగవు. బొమ్మల్ని చూసేదానికి వచ్చే ముప్పై మంది ఆడోళ్లు తాగుతారు. కాళ్లు కడుక్కుంటారు. వాళ్లకు గుగ్గిళ్లు ఉడకబెట్టల్ల. ఇంట్లో చెంబెడు నీళ్లు లేకుండా పేరంటం ఎట్ల చేసేది?”

“మరి మా బతుకమ్మ యాడ పోవాలె? సిటీ బస్సెక్కి హుస్సేన్‌సాగర్ పోవాలెనా? కండక్టరు దానికి గూడ టికెట్ కొడ్తనంటడు.”

రంగనాథ్ తమ యూనివర్సిటీ క్వార్టరు వరండాలో కిటికీ చువ్వకు చిన్న అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయిపోయింది. రెండో చెంప మీద సబ్బు ఆరిపోతోంది. గోడ అవతల తగాదా మంచి పట్టులో ఉండటంతో అతని చెయ్యి సాగడం లేదు. ఆ రెండు గొంతుల్లో ఒకటి అతని తల్లి అన్నపూర్ణది. అనంతపురం నుంచి వచ్చి పదకొండేళ్లయినా ఆమె గొంతు మాత్రం ఇంకా అక్కడే ఉంది. రెండోది మాణికేశ్వర్ నగర్ భారతమ్మది. ఆమె పెనిమిటి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ బస్తీలో బతుకమ్మ ఎక్కడ ఆడాలో, ఎవరు ముందు నడవాలో, ఏ ఇంటివాళ్లు నైవేద్యానికి ఏ సద్ది వండుకురావాలో నాలుగేళ్లుగా ఆమే చెబుతోంది. చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు, వద్దనీ అనలేదు.

ఇద్దరి నడుమ, మూత తీసిన వాల్వు గుంత పక్కన, భుజాన చావితో లక్ష్మీనర్సయ్య నిలబడి ఉన్నాడు. చావి అంటే తాళం తీసేది కాదు. మనిషెత్తు ఇనుప కడ్డీ. పైన అడ్డంగా పిడి, కింద వాల్వు తలను పట్టే గూడు. తార్నాకలో నీళ్లు రావాలన్నా ఆగాలన్నా ఆ కడ్డీ తిరగాలి.

గుంతలో రెండు వాల్వులున్నాయి. ఒకటి తిప్పితే యూనివర్సిటీ క్వార్టర్లకు నీళ్లు, ఇంకోటి తిప్పితే మాణికేశ్వర్ నగర్‌కు. మెట్టుగూడ మీదుగా వచ్చే లైనుకు రెండు వైపులా ఒకేసారి ఇచ్చే బలం లేదు. పైపు వేసిన నాటి నుంచీ లేదు. మామూలు రోజుల్లో వీళ్లు కాసేపు, వాళ్లు కాసేపు పట్టుకుంటారు. పండగ వస్తే అందరికీ ఒకే గంటకు నీళ్లు కావాలి.

ఎల్లుండి సద్దుల బతుకమ్మ. బస్తీవాళ్లు ఏటా తమ బతుకమ్మలను యూనివర్సిటీ కాంపౌండు వెనక, రాళ్లు కొట్టగా మిగిలిన గుంతలో వదులుతారు. ఆ ఏడు, అరవై ఎనిమిదిలో, వానలు మొహం చాటేశాయి. ఆ గుంతలో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి. బస్తీ లైను చివర, పైపు కడగడానికి పెట్టిన తూము ఒకటుంది. దాన్ని తీసి ఉంచి, రెండు గంటలు నీళ్లు వదిలితే గుంతలో మోకాలి లోతు చేరతాయి. భారతమ్మ అడుగుతున్నది ఆ రెండు గంటలే. అదే రోజు సాయంత్రం అన్నపూర్ణ ఇంట్లో బొమ్మల కొలువు పేరంటం. ఆమెకు కావలసిందీ ఆ రెండు గంటలే.

“రెండు గంటలకు మాకిడుస్తనని మాటిచ్చిండు,” అంది భారతమ్మ. “నర్సన్నా, నువ్వే చెప్పు. ఇచ్చినవా లేదా?”

“అట్లనే అమ్మా,” అన్నాడు లక్ష్మీనర్సయ్య.

“నాకు గూడా అట్లనే అంటివి గదా!” అంది అన్నపూర్ణ. “రెండింటికి మాకు వదులుతానంటివా లేదా?”

“అట్లనే అమ్మా.”

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆడవాళ్లిద్దరికీ ఒక్క నిమిషం తెలియలేదు. తర్వాత మళ్లీ ఒకరి మీద ఒకరు తెచ్చుకున్నారు. లక్ష్మీనర్సయ్య గుంత మీద మూత పెట్టి, చావి భుజాన వేసుకుని, ఎండలో మెల్లగా వెళ్లిపోయాడు.

అంత ఓపికగల మనిషిని చూడలేదని తార్నాకలో అందరూ అనేవాళ్లు. తిట్టినా దండం పెట్టినా ఆయన మొహం ఒకేలా ఉండేది. 

ఆయనది జనగామ దగ్గర పల్లె. రెండెకరాల చేను, నలుగురు అన్నదమ్ములు. వాటాకొచ్చిన అరెకరంలో నాగలి మళ్లేటంత జాగా లేదని ఇరవై ఏళ్ల వయసులో పట్నం వచ్చాడు. అప్పుడు ఆర్ట్స్ కాలేజీ కడుతున్నారు. రెండేళ్లు రాళ్లు మోశాడు. “ఆ కాలేజీల నేను రెండేండ్లున్న,” అని రంగనాథ్‌తో ఒకసారి అన్నాడు. రంగనాథ్ కూడా యూనివర్సిటీలో ఉన్నది రెండేళ్లే. కాకపోతే ఏమీ మొయ్యలేదు.

రాళ్ల పని అయిపోయాక లక్ష్మీనర్సయ్య నల్లా పైపులకు కాలువలు తవ్వాడు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు చావి చేతికొచ్చింది. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు, దసరాకీ దీపావళికీ ఉగాదికీ, ఊరికి సెలవైన ప్రతిరోజూ ఆయనకు పనే. పండగ పూట నీళ్లు వదిలేవాడికి పండగ ఉండదని భార్య సారలమ్మకు మొదటి ఏడే తెలిసిపోయింది. ఆమె బతుకమ్మ పేర్చుకుని ఒక్కతే వెళ్లేది.

ఆయన పని చేసే తీరును చూడ్డానికి పిల్లలు మూగేవాళ్లు. వాల్వు మీద చావి నిలబెట్టి, పిడికి చెవి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి “మెట్టుగూడ దాటినయి” అనేవాడు. ఇంకాసేపటికి “వచ్చినయి” అనేవాడు. ఆ మాటకు బిందెలు బారుదీరేవి. బారుదీరడం పూర్తయ్యేసరికి నల్లా దగ్గేది. రేడియోలో వార్తలు ఆలస్యమైన రోజులున్నాయి గానీ ఆయన “వచ్చినయి” అన్నాక నీళ్లు రాని రోజు లేదు.

ఏడెనిమిది నెలలుగా ఆ లెక్క తప్పుతోంది. ఒకరోజు “వచ్చినయి” అని వెళ్లిపోయాడు. రెండు గంటల సేపు నల్లాల్లోంచి గాలి వచ్చింది. ఇంకోరోజు వాల్వు కట్టేశాననుకుని ఇంటికి వెళ్లాడు. తార్నాక చౌరస్తా దాకా రోడ్డు మీద నీళ్లు పారితే సైకిళ్లు దిగి నడిపించుకెళ్లారు. ఎందుకిట్లా అంటే అందరి దగ్గరా జవాబు ఉంది. క్వార్టర్లవాళ్లు కాఫీ పోసి ఆయన్ను తమవైపు తిప్పుకున్నారని బస్తీలో అన్నారు. సొంత మనుషులని బస్తీకి ఎక్కువ వదులుతున్నాడని క్వార్టర్లలో అన్నారు. తాగుతున్నాడని రెండు వైపులా అన్నారు. ఆ ఒక్కదాని మీదే రెండు వైపులా మాట కలిసింది.

ఇక రంగనాథ్ సంగతి. అతని తండ్రి చెన్నకేశవులు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు. ఏటా కొన్ని వేల మంది ఫలితాలు ప్రకటిస్తాడు. కొడుకు బీయెస్సీ మధ్యలో మానేసిన సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ ప్రకటించలేదు. కాలేజీ ఎందుకు మానేశావని అడిగితే రంగనాథ్ “కూర్చోలేను” అనేవాడు. ఇంట్లోనూ కూర్చోడు. మెట్టుగూడ నుంచి బౌద్ధనగర్ దాకా నడిచి వస్తాడు, వచ్చి మళ్లీ వెళతాడు. మొహమాటం లేదు. బొమ్మల కొలువుకు తల్లి కొత్తగా కొన్న కృష్ణుడిని చూసి, వీడికి కామెర్లున్నట్టున్నాయి అన్నాడు.

చేతిరాత మాత్రం అచ్చులా ఉంటుంది. అందుకని చౌరస్తాలో బోర్డు రాయించడానికి దసరా సంబరాల కమిటీవాళ్లు అతన్నే పిలిచారు. స్లో సైకిల్ పందెం, చెంచాలో నిమ్మకాయ పందెం, హరికథ, చివరి రోజు జమ్మి. రేషన్ షాపులో పండగ చక్కెర ఏ వారం ఇస్తారు, లైబ్రరీ ఎప్పుడు తెరుస్తారు అన్నీ దాని మీదే రాశాడు. అట్టడుగున “దసరా సందర్భంగా నీళ్లు యథాప్రకారం వదలబడును” అని రాయించారు. యథాప్రకారం అంటే ఏమిటో కమిటీలో ఎవరికీ తెలియదు. రంగనాథ్ అడిగాడు. రాయమన్నది రాయమన్నారు.

తగాదా జరిగిన రోజు మధ్యాహ్నం అన్నపూర్ణ కొడుకును పిలిచింది.

“ఒరే రంగా, నీళ్ల ఇంజినీరుకు అర్జీ రాయల్ల. ఇంగ్లీషులో. దసరా మర్నాడు లైను చూసేదానికి వస్తాడంట.”

“ఏమని?”

“ఆయప్ప మమ్మల్ని మనుషుల లెక్కలో ఏసుకోలేదని.”

రంగనాథ్ రాశాడు. చాలాకాలం తర్వాత చేతికి పని దొరికింది, అందుకని గట్టిగానే రాశాడు. నిర్లక్ష్యం అనే మాటకు ముందు మూడు విశేషణాలు పెట్టాడు. చివర్లో, ఊపు తగ్గకుండా, ఇతను ఈ ఉద్యోగానికి తగునో తగడో డాక్టరు చేత పరీక్ష చేయించవలసిందిగా కోరుతున్నాము అని ఒక వాక్యం కలిపాడు. అది ఎందుకు కలిపాడంటే అక్కడ పేజీ ఇంకా రెండు వరుసలు మిగిలింది. పదకొండు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు.

మరునాడు పొద్దున భారతమ్మ వచ్చింది. గోడ అవతలే నిలబడి పిలిచింది.

“తమ్మీ, నువ్వు అర్జీలు మంచిగ రాస్తవట గదా. మాకు గూడ ఒకటి రాసియ్యి.”

“ఎవరి మీద?”

“ఇంకెవరి మీద? నర్సన్న మీదనే. మీ అమ్మోళ్ల దిక్కు ఒరుగుతుండని.”

“మా అమ్మవాళ్లు మీవైపు ఒరుగుతున్నాడని రాయించారు.”

“రాయించుకోని. రెండు దిక్కులా ఒరిగెటోడు నడుమల ఎట్ల నిలవడ్తడో ఇంజినీరే చూస్తడు.”

రంగనాథ్ రెండోది కూడా రాశాడు. శ్రమ ఎందుకని మొదటిదాన్నే చూసి, పేర్లు అటు ఇటు మార్చి దించాడు. డాక్టరు పరీక్ష వాక్యం దానిలోకీ వచ్చింది. భారతమ్మ ముప్పై రెండు వేలిముద్రలు వేయించి తెచ్చింది.

పక్క క్వార్టరులో ఉండే, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే రీడరు వెంకటసుబ్బారావు రెండూ చదివి, భాష బాగుంది, ఆధారం లేదు అన్నాడు. “తేదీ, గంట, ఏం చేశాడు, ఎవరు చూశారు. అవి లేకపోతే పక్కన పెడతారోయ్.”

అందుకని సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు రంగనాథ్ ఆధారం కోసం బయల్దేరాడు. జేబులో రెండు అర్జీలు, చేతిలో నోటుబుక్కు. సెలవులకు హాస్టళ్లు ఖాళీ అయిపోవడంతో రోడ్డు మీద మనుషులు లేరు. క్యాంపస్ గడ్డిలోంచి గునుగు పూల కట్టలు నెత్తిన పెట్టుకుని ఇద్దరు ఆడపిల్లలు పరిగెత్తుతున్నారు. వాల్వు గుంత మూత తీసి ఉంది. లక్ష్మీనర్సయ్య వీపు కనబడుతోంది.

“పెద్దాయనా,” అన్నాడు రంగనాథ్.

వీపు కదల్లేదు.

“పెద్దాయనా! నీతో మాట్లాడాలి.”

ఇంకోసారి పిలిచాడు. తర్వాత గుంత పక్కన రాతి మీద కూర్చుని నోటుబుక్కు తీసి, రెండు గంటల అయిదు నిమిషాలు, పిలిస్తే పలకడు, అని రాసుకున్నాడు.

లక్ష్మీనర్సయ్య బస్తీ వాల్వు తిప్పాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. చావి పిడిని నోట్లోకి, దవడ పక్కకు తీసుకుని, కళ్లు మూసుకున్నాడు.

చావి కొరుకుతున్నాడు, అని రాసుకున్నాడు రంగనాథ్. ఇంజినీరుకు ఇది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో అతనికి తోచలేదు. తాగి ఉన్నాడు అంటే సరిపోతుంది. కానీ ఆధారం కావాలి కదా. వంగి దగ్గరగా వాసన చూశాడు. ఇనుప తుప్పు వాసన, పొగాకు వాసన. అంతకుమించి ఏమీ లేదు. కింద పైపులోంచి మాత్రం సన్నగా బుస్సుమని చప్పుడు వస్తోంది.

లక్ష్మీనర్సయ్య కళ్లు తెరిచాడు. “వచ్చినయి,” అన్నాడు ఎవరికీ కాకుండా.

“ఎక్కడొచ్చాయి?” అన్నాడు రంగనాథ్. “అది గాలి.”

ఆయన వినిపించుకోలేదు. మూత కోసం రోడ్డు మీదికి వెనక్కి వెనక్కి నడిచాడు. అప్పుడే సికింద్రాబాద్ డబల్ డెక్కర్ మలుపు తిరిగింది. హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడోసారి కొట్టిన హారన్‌కు గోడ మీద కాకులు లేచిపోయాయి. లక్ష్మీనర్సయ్య వంగి మూత ఎత్తుకుంటున్నాడు. రంగనాథ్ దూకి చొక్కా పట్టుకుని లాగాడు. చొక్కా చిరిగింది, మనిషి ఇవతల పడ్డాడు. బస్సు ఆగింది. డ్రైవరు కిందికి వంగి రెండు భాషల్లో తిట్టాడు.

లక్ష్మీనర్సయ్య దుమ్ము దులుపుకుని లేచి, డ్రైవరు వైపు తిరిగి, “అట్లనే సార్,” అన్నాడు.

బస్సు వెళ్లిపోయింది. రంగనాథ్ ఆయన మొహంలోకి చూస్తూ, మామూలు గొంతుతో, “పెద్దాయనా, మీ ఇంటికి ఏనుగొచ్చింది,” అన్నాడు.

“అట్లనే చిన్న సారు.”

“గుర్రం కూడా వచ్చింది.”

“అట్లనే.”

రంగనాథ్ నోటుబుక్కు మూశాడు. గుంత వైపు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. నీళ్లు రాలేదు. తర్వాత తన చెవి ముట్టుకుని, ఆయన వైపు వేలు చూపించాడు.

లక్ష్మీనర్సయ్య చుట్టూ చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. వాల్వు గుంత అంచున కూర్చుని, అందరికీ వినబడేటంత గట్టిగా రహస్యం చెప్పడం మొదలుపెట్టాడు. రంగనాథ్ చెయ్యి దించి సైగ చేస్తే గొంతు తగ్గించాడు.

“ముందుగాల ఎడమది బోయింది బిడ్డా. కుడిది ఉన్నది గదా, ఒక్క పైపుకు ఒక్క చెవు చాలు అనుకున్న. రెండేండ్లకు అదీ బోయింది. పండ్లు పెట్టి సూసిన. పండ్లకు మంచిగనే తెలుస్తుండె. చెవులకంటె నయ్యమనిపించింది. పోయిన శివరాత్రికి ముందటి పండ్లు రెండూడినయి. ఇప్పుడు దవడతోని పడ్తున్న. దవడకు గాలి, నీళ్లు ఒక్క తీర్గనే ఉంటది.”

ఇంకా పద్నాలుగు నెలలు పని ఉందని, ఆ తర్వాత పింఛను వస్తుందని చెప్పాడు. ఈ లోపల చెవుల సంగతి బయటపడితే రేపే ఇంటికి పొమ్మంటారు. సారలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరు ఏమన్నా అట్లనే అంటే సగం మందికి సరిపోతోంది. మిగతా సగం మంది ఎట్లాగూ తిట్టేవాళ్లే.

“అట్లనే అంటే ఆడవాళ్లిద్దరికీ మాటిచ్చినట్టయింది,” అన్నాడు రంగనాథ్. అని, వినబడదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

లక్ష్మీనర్సయ్య చావిని వాల్వు మీద నిలబెట్టి, పిడి తుడిచి, అతని వైపు వంచాడు. రంగనాథ్ ఆ ఇనుముకు చెవి ఆనించాడు. ఇరవై రెండేళ్ల జీవితంలో ఇంజినీరింగుకు అంత దగ్గరగా వెళ్లడం అతనికి అదే మొదటిసారి.

“తేనెటీగలా, కుక్కనా?” అని అడిగాడు లక్ష్మీనర్సయ్య. “తేనెటీగల్లెక్క వస్తే గాలి. కుక్క గుర్రుమన్నట్టొస్తే నీళ్లు.”

రంగనాథ్ చేతి వేళ్లను రెక్కల్లా ఆడించి చూపించాడు.

ఇద్దరూ కూర్చున్నారు. రెండున్నర అయింది. కూర్చోలేనని కాలేజీ మానేసినవాడు వాల్వు గుంత పక్కన కదలకుండా కూర్చున్నాడు. మూడుకు పావుగంట ఉందనగా ఎక్కడో దూరంగా పైపు టంగుమంది. తర్వాత తేనెటీగలు ఆగిపోయాయి. కడ్డీ లోపల పెద్ద కుక్క ఒకటి నిద్రలేచింది. రంగనాథ్ చెయ్యెత్తాడు.

“మెట్టుగూడ దాటినయి,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. ఆయనకు ఏమీ వినబడకపోయినా ఆ మాట అనే వంతు ఆయనదే.

ఆయన లెక్క ప్రకారం రెండు నుంచి నాలుగు దాకా బస్తీకి, నాలుగు నుంచి క్వార్టర్లకు. ఇప్పుడు నీళ్లే ముప్పావు గంట ఆలస్యంగా వచ్చాయి. నాలుగింటికే తిప్పితే రాళ్ల గుంతలో పిక్కల దాకా కూడా నిండదు. తిప్పకపోతే పేరంటానికి నీళ్లుండవు. లక్ష్మీనర్సయ్య అయిదు వేళ్లు చూపించాడు. “అయిదింటికి మీకు తిప్పుత. మీ అమ్మకు చెప్పు.”

రంగనాథ్ ఇంటికి వెళ్లి చెప్పాడు. అన్నపూర్ణ గుగ్గిళ్ల గిన్నె కిందపెట్టి, “అది గూడా అర్జీలో రాయి,” అంది.

పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు కాళ్లు కడుక్కునే నీళ్లు లేక కాంపౌండులో నిలబడ్డారు. ఎంతసేపని నిలబడతారు? గోడ అవతల బతుకమ్మలు వరుసగా వెళుతున్నాయి. అందరూ వాటి వెంట చూసొద్దామని నడిచారు. పట్టుచీరలతో, కాళ్లు కడుక్కోకుండానే, రాళ్ల గుంత దాకా వెళ్లారు. ఇంటావిడ కాబట్టి వాళ్లను పిలుచుకురావడానికి అన్నపూర్ణ కూడా వెళ్లాల్సి వచ్చింది.

గుంతలో మోకాలి లోతు కంటే నాలుగు వేళ్లు తక్కువగా నీళ్లున్నాయి. ఎరుపు, పసుపు, తెలుపు పూల దొంతరలు మధ్యన, ఆడవాళ్లు చుట్టూ, చప్పట్లు. మేకల్ని తోలేశారు గానీ ఒక మేక ఒప్పుకోక రాయి మీద నిలబడి చూస్తోంది.

“ఇన్ని పూలు యాడ తెస్తిరమ్మా?” అంది అన్నపూర్ణ.

“మీ యూనివర్సిటీలనే తెంపినం,” అంది భారతమ్మ.

“మాలి ఊరకుండెనా?”

“మాలి పెండ్లాం గూడ గీడనే ఆడుతున్నది, సూడు.”

అన్నపూర్ణ చూసింది. అయిదున్నరకు క్వార్టర్లకు నీళ్లు వచ్చాయని కబురు రాగానే పేరంటాళ్లను వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. వెళుతూ భారతమ్మను వాయనానికి పిలిచింది. పిలిచిన తీరు ఆజ్ఞాపించినట్టుంది. భారతమ్మ వస్తానన్న తీరు అప్పు తీర్చుకుంటానన్నట్టుంది.

వదిలిన బతుకమ్మలు కొన్ని తేలాయి. కొన్ని రాళ్లకు తగిలి ఒరిగాయి. సారలమ్మది అడుగు ఆనుకుని గుంత మధ్యలోనే నిలబడిపోయింది. ఆమె నీళ్లలోకి దిగి చేత్తో నెట్టి వచ్చింది. భారతమ్మ ఒడ్డున రాతి మీద కూర్చున్న రంగనాథ్ చేతిలో పెరుగు సద్ది, నువ్వుల సద్ది పెట్టింది.

“తినుకుంట ఇను తమ్మీ. దసరా తెల్లారి ఇంజినీరుకు మా కాయితం ముందు ఇయ్యి, మీ అమ్మోళ్లది తర్వాత ఇయ్యి.”

“ఇవాళ నీళ్లొచ్చాయి కదా?”

“నడుముల దాక రావాలె. మోకాళ్లకు గూడ రాలే. నా బతుకమ్మ ఒరిగింది.”

అర్జీలు ఆగవని రంగనాథ్‌కు అప్పుడు అర్థమైంది. తను చింపేస్తే ఇంకెవరో రాస్తారు. వెంకటసుబ్బారావు అయితే తేదీ, గంట వేసి మరీ రాస్తాడు. చెవిటివాడి చేత వాల్వు తిప్పించడం తప్పు కాదని కూడా అతను అనుకోలేదు. తప్పే. మధ్యాహ్నం బస్సు ఆయన మీదుగా పోవాల్సింది. పైపు వింటూ కూర్చున్నంత సేపూ అదే ఆలోచించాడు. ఇంకేం తేలలేదు.

వెలుతురు తగ్గుతుండగా లక్ష్మీనర్సయ్య చావితో రాళ్ల గుంత దగ్గరికి వచ్చాడు. చిరిగిన చొక్కాను భుజం మీద ముడివేసుకున్నాడు. భార్య పేర్చిన బతుకమ్మ నీళ్లలో ఉండగా చూడటం ఇరవై ఏళ్లలో ఆయనకు ఇదే మొదటిసారట. కాసేపు చూశాడు. తర్వాత రంగనాథ్ పక్కన రాతి మీద కూర్చుని అతని జేబు వైపు వేలు చూపించాడు.

“భారతమ్మ సారలమ్మకు చెప్పింది, కాయితాల సంగతి. తియ్యి.”

రంగనాథ్ రెండూ తీసి ఆయన చేతిలో పెట్టాడు. లక్ష్మీనర్సయ్య చదువుకోలేదు. సంతకాలున్న చోటు, వేలిముద్రలున్న చోటు తడిమి చూశాడు. వేలిముద్రల్లో కొన్నింటిని గుర్తుపట్టినట్టు తలాడించాడు.

“డాకుటర్ కాడికి పంపుమని రాసినవా?”

రంగనాథ్ అబద్ధం చెప్పలేదు. తలూపి, చివరి రెండు వరుసలు వేలితో చూపించాడు. రెండో కాగితంలోనూ చూపించాడు.

లక్ష్మీనర్సయ్య ఆ వరుసల మీద బొటనవేలు పెట్టి అలాగే ఉంచాడు.

“మా ఆఫీసుల ఇన్నయ్య అని ఉండె. నా అసొంటోడే. డాకుటర్ చెవుల లైటు పెట్టి సూసిండు. తెల్లారి చావి గుంజుకున్నరు. ఇప్పుడు కొడుకింట్ల గడప మీద కూసుంటడు. సమ్మయ్య అని ఇంకోడు. తాగొచ్చి వాల్వు గుంతల వడ్డడు. వానికి మెమో ఇచ్చిన్రు, పదేను రోజులు ఇంట్ల కూసోవెట్టిన్రు. మల్ల తీసుకున్నరు. కొత్త ఖాకీ గూడ ఇచ్చిన్రు.”

రంగనాథ్ గుంతలో నీళ్ల వైపు చూపించి, రెండు చేతులూ తిప్పి, రేపు మళ్లీ గాలి వస్తే ఎట్లా అన్నట్టు అడిగాడు.

“నువ్వున్నవు గదా,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. “నీకు కాలేజీ లేకపాయె, నౌకరీ లేకపాయె. రెండు గంటలకు ఏం పని నీకు?”

రంగనాథ్ సద్ది తిన్న చెయ్యి నీళ్లలో కడుక్కుని, జేబులోంచి పెన్ను తీశాడు.

లక్ష్మీనర్సయ్య కాగితాలను మోకాలి మీద సాపు చేసి అతనికి ఇచ్చాడు. గొంతు ఈసారి తనంతట తానే తగ్గించాడు.

“నిర్లక్ష్యమని రాసుకో, ఏమనను. గా డాకుటర్ ముచ్చట మాత్రం కొట్టేసి, తాగి పనికొస్తుండని రాయి బిడ్డా. రెండిట్ల రాయి. గట్లని కల్లు అని రాసేవు, కల్లుకు ఎవ్వలు ఏమనరు. సారా అని రాయి.”